రెండెకరాల్లో మేకలు, పశువులు పెట్టాలంటే: సిరొంచ వైపు రైతుకు

సిరొంచ తాలూకాలో రెండు మూడెకరాల పొలం ఉండి, నాలుగు మేకలో ఒక బర్రెనో పెట్టుకుంటే ఇంటి ఖర్చు గడుస్తుంది కదా అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన పరిస్థితి కొంచెం వేరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసులో కాగితం మరాఠీ. బంధువులూ బేరాలూ వంతెన దాటి తెలంగాణలో, మనకు వర్తించే చట్టం మహారాష్ట్రది. జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండొందల కిలోమీటర్ల పైనే. కరీంనగర్ రైతుకు చెప్పే సలహా గానీ, పుణె వైపు డెయిరీల కోసం చెప్పేది గానీ ఇక్కడ సగమే పనికొస్తుంది.

వరస ఇలా పెట్టుకోండి: ముందు మేత, తర్వాత కాగితం, ఆ తర్వాతే పశువు. మన దగ్గర చాలామంది దీన్ని తిరగేస్తారు. పంట డబ్బు చేతికి రాగానే పశువును తెచ్చి కట్టేస్తారు. ఏప్రిల్‌లో గడ్డి అయిపోతే సగం ధరకు అమ్మేస్తారు.

1. మే నెలకు సరిపడా మేత ఉందో లేదో లెక్క వేయండి

జూన్ నుంచి నవంబర్ దాకా ఎవరికైనా మేత దొరుకుతుంది. గట్ల మీద గడ్డి, అడవిలో ఆకు, కోసిన పొలాలు ఉంటాయి. అసలు పరీక్ష జనవరి తర్వాత. అందుకే మీ పొలం ఎన్ని పశువులను మోస్తుందో వానాకాలం చూసి చెప్పకండి, మే నెలను బట్టి చెప్పండి.

లెక్క కష్టమేమీ కాదు. పశువు తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం ఎండు మేత తింటుంది. మన వైపు ఎద్దుకు రోజుకు కనీసం 6 కిలోల వరిగడ్డి అనుకోండి, మిగతాది బయట మేసి వస్తుంది. జనవరి నుంచి మే చివరి దాకా 150 రోజులు. అంటే ఒక్క ఎద్దుకు 900 కిలోలు, జతకు దగ్గర దగ్గర రెండు టన్నులు. ఇప్పుడు మీ గడ్డివాము చూసుకోండి. వరి చేత్తో కోయిస్తే గడ్డి బాగానే వస్తుంది. హార్వెస్టర్ పెడితే చాలావరకు పొలంలోనే నలిగిపోతుంది. పత్తి, మిర్చి వేసిన ఎకరాల నుంచి పశువుకు దొరికేది దాదాపు ఏమీ లేదు. రెండెకరాలూ మిర్చి వేసి జత ఎడ్లు పెట్టుకుంటే ప్రతి ఏడూ గడ్డి కొనాల్సిందే.

బోరు గానీ బావి గానీ ఉంటే ఐదారు గుంటల్లో సూపర్ నేపియర్ పిలకలు నాటండి. మొదటి కోత రెండున్నర నెలలకు వస్తుంది, ఆ తర్వాత నలభై, నలభై ఐదు రోజులకోసారి కోసుకోవచ్చు. నీళ్లు లేకపోతే గట్ల మీద అవిసె, సుబాబుల్, మునగ పెట్టండి. మేకలకు ఎండాకాలం అదే ఆధారం. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు మించకుండా చూసుకోండి.

వరిగడ్డిలో బలం తక్కువ. దానికి యూరియా మాగుడు పెడితే అరుగుదల, మాంసకృత్తులు రెండూ పెరుగుతాయి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, పొర పొరకూ చల్లుతూ తొక్కి, పైన ప్లాస్టిక్ పట్టా గాలి చొరకుండా కప్పి 21 రోజులు వదిలేయాలి. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి వేయండి. మొదట కొంచెం కొంచెం అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్లు మిగిలితే పశువు మూతి పెట్టే చోట ఉంచకండి. బకెట్ అడుగున ఉన్నది తాగినా ప్రాణం పోతుంది.

2. ఏది పెట్టుకోవాలి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండెకరాల వాళ్లు మొదట నాలుగైదు ఆడ మేకలు, పది నాటు కోళ్లతో మొదలుపెట్టడం మంచిది. మేక ఐదు నెలలకు ఈనుతుంది, కవలలు మామూలే. అవసరం పడితే ఒక్కటి అమ్ముకోవచ్చు. కొనేవాడు ఇంటికే వస్తాడు.

జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులను మాత్రం తొందరపడి తెచ్చుకోకండి. మన ఎండలు 45 డిగ్రీలు దాటతాయి. వాటికి ఆ వేడి పడదు, పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జ్వరం తగిలితే తట్టుకోలేవు. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. పాలు రోజూ పోసే కేంద్రం నడిచి వెళ్లే దూరంలో ఉంటే తప్ప ఆ పెట్టుబడికి దిగొద్దు. ఇంటి పాల కోసమైతే నాటు బర్రె మేలు. దానికి రోజూ నీళ్లలో పడుకునే వీలు కావాలి, లేదా ఎండాకాలం రెండు పూటలా ఒళ్లు తడపాలి.

దున్నడానికి ఎడ్లు కావాలంటే మన జిల్లాలోనే మంచి జాతి ఉంది. కఠాణి పశువులు గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా వైపు వరి పొలాల బురదలో నడిచి నడిచి ఆ నేలకు అలవాటు పడినవి. చిన్న ఒళ్లు, తక్కువ మేత, గట్టి కాళ్లు. ఈమధ్యే దేశీ జాతుల జాబితాలో వీటికి గుర్తింపు వచ్చింది. పెద్ద కొమ్ములు చూసి దూరం నుంచి ఎడ్లను తెచ్చే ముందు వీటిని ఒకసారి చూడండి.

ఎడ్ల విషయంలో ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవుతో పాటు ఎద్దు, ఆబోతు వధ కూడా నిషేధం. వధ కోసం రాష్ట్రం దాటించడమూ నేరమే. ఐదేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. బర్రెలు, దున్నలు ఆ నిషేధంలోకి రావు. కాబట్టి ముసలి ఎద్దుకు కొనేవాడు దొరకడం కష్టం. అది చివరి దాకా మీ కొట్టంలోనే ఉంటుందనుకుని, ఆ మేత కూడా లెక్కలో కలుపుకుని కొనండి. ఏడాదిలో పది రోజుల దుక్కికైతే కిరాయి ట్రాక్టరే చవక.

3. కాగితాలు

పసుపు పచ్చ చెవి ట్యాగు, దాని మీది 12 అంకెల నంబరు: ఇదే పశువుకు ఆధార్. 2024 జూన్ 1 నుంచి మహారాష్ట్రలో ట్యాగు లేని పశువును కొనడం, అమ్మడం, బండిలో తరలించడం కుదరదు. ప్రభుత్వ దవాఖానాలో వైద్యానికీ, పథకాలకూ, నష్టపరిహారానికీ అదే అడుగుతారు. చెవి నొప్పి అని, కంచెకు తగిలి చిరుగుతుందని చాలామంది వేయించరు. వేసిన చోట నాలుగు రోజులు పసుపు, వేప నూనె రాస్తే మానిపోతుంది. ట్యాగు ఊడిపోతే వెంటనే చెప్పి మళ్లీ వేయించండి. ఆ నంబరు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఇంట్లో గోడ మీద కూడా రాసి పెట్టండి.

దాంతో పాటు సాత్‌బారా (పొలం హక్కు కాగితం), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, జాతీ దాఖలా (కుల ధృవీకరణ పత్రం) ఒక సంచిలో పెట్టుకోండి. అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లే ముందు బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2019 నుంచి అది పశుపోషణకూ ఇస్తున్నారు. మేత, మందుల ఖర్చులకు 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. పొలం పేరు మీద లేనివాళ్లు కూడా అడగొచ్చు.

పథకాల్లో మనకు సరిపోయేది రాష్ట్ర పశుసంవర్ధన శాఖ ఇచ్చే పది మేకలు, ఒక పోతు యూనిట్. ఎస్సీ, ఎస్టీలకు 75 శాతం, మిగతావాళ్లకు 50 శాతం సబ్సిడీ. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మరాఠీలో ఉంటుంది. పంచాయత్ సమితిలో పశుధన్ పర్యవేక్షక్‌ను, అంటే పశువుల శాఖ సూపర్‌వైజర్‌ను కలిస్తే తేదీలు చెబుతారు. కేంద్రం ఇచ్చే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ గురించి ఏజెంట్లు వచ్చి ఊరిస్తారు. దాని అతి చిన్న మేకల యూనిటే 100 ఆడ మేకలు, 5 పోతులు. రెండెకరాల వాళ్లకు అది కాదు. ఫైలు ఖర్చు అని ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

4. వంతెన అవతల కొంటే

అంగడికి పోయి కొనడం మనకు మామూలే. కానీ తెల్లవారుజామున ఎవరో బండి ఆపితే చేతిలో కాగితం లేక వణికిపోయే టెన్షన్ ఎందుకు? నాలుగు జాగ్రత్తలు తీసుకోండి.

సంత రసీదు మీ పేరు మీదే రాయించుకోండి, దళారి పేరు మీద కాదు. అమ్మినవాడి పేరు, ఊరు, ట్యాగు నంబరు, పశువు రంగు, పళ్లు, "వ్యవసాయ పని కోసం" అనో "పాల కోసం" అనో అందులో ఉండాలి. అక్కడి పశువైద్యుడి దగ్గర ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని, అంటురోగం లేదని సర్టిఫికెట్ తీసుకోండి. 1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం అది తప్పనిసరి. లారీలోనైనా ఆరు పశువుల కన్నా ఎక్కువ ఎక్కించకూడదు. చిన్న బండిలో రెండు మూడే సరిగ్గా నిలబడతాయి. కింద గడ్డి పరిచి, తల కొంచెం ఆడేంత వదులుగా కట్టండి. నడిపించుకుని వచ్చేవాళ్లు సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు తోలకూడదు. అది కూడా రాతపూర్వక నిబంధనే. అందుకే మధ్యాహ్నంలోపు బేరం ముగించండి. ఇంటికి వచ్చాక మన దవాఖానాలో ట్యాగు నంబరు మీ పేరు మీదికి మార్పించుకోండి.

ఎవరైనా ఆపితే గొడవకు దిగకండి. కాగితాలు చూపించండి, పోలీసులను పిలవమనండి. పోలీసు కాని వాళ్ల చేతికి అసలు కాగితం ఇవ్వకండి. ఫోటో కాపీ చాలు.

5. కొనేటప్పుడు ఏం చూడాలి

మేక దగ్గరికి వెళ్లి కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగండి. లోపల ఎర్రగా ఉంటే మంచిది. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపు నిండా నట్టలు. అలాంటిది ఎంత చవకైనా వద్దు. నోరు తెరిచి కింది పళ్లు చూడండి. అన్నీ పాలపళ్లే ఉంటే ఏడాది లోపుది, రెండు పెద్ద పళ్లు వస్తే ఏడాదిన్నర అటూ ఇటూ, ఎనిమిది వచ్చాయంటే నాలుగేళ్లు. రెండు నుంచి నాలుగు పళ్ల మేక కొంటే మీ దగ్గర ఎక్కువ ఈతలు ఈనుతుంది. పొదుగు రెండు వైపులా సమంగా, మెత్తగా ఉండాలి. గడ్డ తగిలితే వదిలేయండి. తోక కింద వెంట్రుకలు మలంతో అంటుకుని ఉన్నా, ముక్కు కారుతున్నా ఆ మందలోంచే కొనొద్దు. చివరగా నాలుగు అడుగులు నడిపించి చూడండి.

బర్రె అయితే మీరే పొద్దున, సాయంత్రం రెండు పూటలు పిండి చూడాలి. ఒక్క పూట చూసి కొంటే ముందు పూట పిండకుండా ఆపిన పాలు చూసి మోసపోతారు.

కొన్నదాన్ని నేరుగా మందలో కలపకండి. మూడు వారాలు వేరే చోట కట్టి, వేరే తొట్టిలో నీళ్లు పెట్టండి. ముందు మీ పాత మేకలకు పని చేసి, తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్లండి.

6. కొట్టం

మేకకు 10 నుంచి 12 చదరపు అడుగులు చాలు. మన దగ్గర వానలు ఎక్కువ కాబట్టి మూడడుగుల ఎత్తులో వెదురు మంచె వేసి, బద్దల మధ్య పెంటిక జారేంత సందు ఉంచితే సగం రోగాలు రావు. గిట్ట ఇరుక్కునేంత సందు మాత్రం వద్దు. పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ తక్కువ. పెంట గుంట తాగునీటి బావికి దూరంగా, పల్లంలో ఉండాలి. రోజ్‌గార్ హమీ, అంటే ఉపాధి హామీ కింద కొట్టానికి డబ్బు వస్తుంది. గ్రామసేవక్‌ను (పంచాయతీ కార్యదర్శిని) అడిగి గ్రామసభ జాబితాలో పేరు రాయించండి.

7. టీకాలు, నట్టల మందు

ఈ ఒక్క పనిలో బద్ధకం వద్దు. మందలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

మేకలకు మొదటిది పీపీఆర్, మనవాళ్లు పారుడు రోగం అంటారు. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, తర్వాత విరేచనాలు. ఊరికి వచ్చిందంటే వారంలో సగం మంద పోతుంది. పిల్లకు నాలుగు నెలలు నిండాక ఒక్క టీకా వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. చిటుకు రోగానికి తొలకరికి ముందే ఏటా వేయించాలి. వాన పడ్డాక లేత గడ్డి ఆబగా తిన్న బలమైన పిల్లలే దీంతో ఉన్నట్టుండి పడిపోతాయి.

పశువులకు గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, ఉచితం. గొంతువాపు, జబ్బవాపు టీకాలు మే నెలాఖరులోపు. ముద్దచర్మం రాకుండా ఏటా ఒకసారి. బ్రూసెల్లా టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఆడ దూడకు మాత్రమే, జీవితంలో ఒకసారి. ఈసుకుపోయిన పశువు మాయను ఉత్త చేతులతో ముట్టుకోకండి. ఆ రోగం మనిషికీ వస్తుంది, నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు వదలవు.

నట్టల మందు వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి, టీకాకు వారం పది రోజుల ముందు పట్టండి. వరి మడుల దగ్గర, చెరువు అంచున మేసే పశువులకు కార్జపు జలగ పడుతుంది. దానికి వేరే మందు కావాలి, మామూలు నట్టల మందు చాలదు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే అదేనని అనుమానించి చూపించండి. డాక్టరు దూరంగా ఉంటే 1962కి ఫోన్ చేయండి. సంచార వైద్య వాహనం కోసం పెట్టిన ఉచిత నంబరు అది.

8. ఈనిన మొదటి గంట

మేక ఈనగానే పిల్ల ముక్కు, నోరు శుభ్రం చేయండి, తల్లి నాకేలా దాని ముందే పెట్టండి. బొడ్డును రెండు వేళ్ల దూరంలో దారంతో కట్టి, కొత్త బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. తర్వాత తల్లి చన్ను ఒకటి రెండుసార్లు పిండితే చివర ఉన్న గట్టి పాల బిరడా బయటికి వస్తుంది. అప్పుడు పిల్లను అందించండి. అది చన్ను పట్టి, తోక గబగబా ఆడిస్తే పాలు దిగుతున్నట్టే.

మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదని మన ఊళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. దయచేసి ఆ మాట వినకండి. ముర్రుపాలలోని రక్షణ శక్తిని పిల్ల పేగు మొదటి గంటల్లోనే బాగా పీల్చుకుంటుంది, గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు 200 మి.లీ. ముర్రుపాలు నాలుగైదుసార్లుగా పడాలి. మాయ దాని టైముకు అది పడుతుంది. పన్నెండు గంటలైనా పడకపోతే డాక్టర్ని పిలవండి, చేత్తో లాగొద్దు.

9. మేపడం: చేను, అడవి

పక్కవాళ్ల చేనులో పడితే కొండవాడాకు, అంటే బందెల దొడ్డికి తోలుకెళ్లే హక్కు 1871 నాటి చట్టం నుంచి వాళ్లకు ఉంది. జరిమానా కట్టి విడిపించుకోవాలి. అంతకన్నా ఊళ్లో మనసులు విరగడం పెద్ద నష్టం. మిర్చి, పత్తికి మందు కొట్టిన చేలల్లో పడితే మీ పశువుకే ప్రాణగండం. మందు డబ్బా ఎంత కడిగినా కుడితి పోయడానికి వాడకండి. మోకాలెత్తు లోపు జొన్న పైరు, వాన లేక వాడిన జొన్న పిలకలు విషం. అవి తిన్న పశువు నిమిషాల్లో పడిపోతుంది.

అడవిలో మేపడం మీరు దొంగతనంగా చేసే పని కాదు. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కుల్లో మేపుకునే హక్కును కూడా రాసింది. గడ్చిరోలి జిల్లాలో చాలా గ్రామసభలకు ఆ పట్టాలు ఉన్నాయి, లేఖా మేంఢా అనే ఊరు 2009లోనే సాధించింది. మీ గ్రామసభకు పట్టా ఉందా, ఏ కంపార్ట్‌మెంట్లకు (అటవీ శాఖ నంబరు వేసిన అడవి ముక్కలకు) ఉందో తెలుసుకోండి. కొత్తగా నాటిన ప్లాంటేషన్లలోకి మాత్రం తోలకండి.

పులి, చిరుత మీ పశువును చంపితే శవాన్ని కదిలించకండి, చర్మం తీయకండి. ట్యాగు కనపడేలా ఫోటోలు తీసి, 48 గంటల్లోపు వనరక్షకుడికి చెప్పి పంచనామా చేయించండి. 2022 ఉత్తర్వు ప్రకారం ఆవు, బర్రె, ఎద్దుకు మార్కెట్ ధరలో 75 శాతం లేదా 70,000 రూపాయలు, ఏది తక్కువైతే అది ఇస్తారు. కోపంతో శవానికి మందు పూస్తే మీ మీదే కేసు. పైగా రాబందులు, కుక్కలు కూడా చస్తాయి.

వరద గురించి ఒక్క మాట. 2022 జూలైలో గోదావరి ఏం చేసిందో సిరొంచలో అందరికీ తెలుసు. నది ఒడ్డున ఉన్నవాళ్లు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రాత్రిపూట జారుముడి మాత్రమే వేయండి, ఒక్క లాగుతో ఊడిపోయేలా. మెరకలో ఎక్కడికి తోలాలో ముందే ఇంట్లో అందరూ అనుకుని ఉండాలి.

10. ఉన్నట్టుండి చచ్చిపోతే

రాత్రి బాగున్న పశువు పొద్దున చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. కోయకండి, చర్మం తీయకండి, కూర పంచుకోకండి. ఒడిశాలో కొరాపుట్ వైపు ఇలా చచ్చిన పశువుల మాంసం ముట్టుకుని, తిని మనుషులకు దొమ్మ సోకిన ఘటనలు పదేపదే జరిగాయి. శవాన్ని కోస్తే ఆ క్రిములు నేలలో చేరి దశాబ్దాలు బతికి ఉంటాయి. దవాఖానాకు చెప్పి, నీటి వనరుకు దూరంగా ఆరడుగుల గుంట తీసి, సున్నం పోసి పూడ్చండి.

మామూలు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి పశువుకు వేయించకండి. 2006లోనే పశువులకు దాన్ని నిషేధించారు. ఆ మందు పడ్డ శవాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. మన జిల్లా అడవుల్లో మిగిలినవే కొన్ని. డాక్టరును మెలోక్సికామ్ అడగండి.

11. అమ్మేటప్పుడు

దళారి మేక నడుం పట్టుకుని ఎత్తి చూసి ధర చెబుతాడు. మీరు కొక్కెం త్రాసు ఒకటి కొనుక్కోండి. గోనె సంచిలో కాళ్లు దూర్చి వేలాడదీస్తే నిమిషంలో బరువు తెలుస్తుంది. కిలో లెక్కన మాట్లాడండి. పోతులను బక్రీద్‌కు రెండు నెలల ముందు నుంచే గింజ పెట్టి సిద్ధం చేసుకుంటే మంచి ధర పలుకుతుంది. మంచి ఆడ పిల్లలను అమ్మకండి, వాటితోనే మంద పెరుగుతుంది. పోతును మాత్రం రెండేళ్లకోసారి మార్చండి. లేకపోతే తన కూతుళ్లనే దాటి పిల్లలు బలహీనంగా పుడతాయి.

పాలుకు, అంటే వాటా మీద ఇచ్చిన, తీసుకున్న మేకలుంటే పిల్లల పంపకం ఎలాగో, చస్తే నష్టం ఎవరిదో, పరిహారం వస్తే ఎవరికో ముందే నలుగురి ముందు చీటీ రాసుకోండి. ట్యాగు ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ల ఖాతాకే వస్తుంది. అమ్మిన ప్రతి పశువుకూ రసీదు రెండు కాపీలు రాయండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. కొన్నవాడి పేరు మీదికి ట్యాగు మార్పించండి. అలా మార్పించకపోతే ఆ పశువు రేపు ఎక్కడ పట్టుబడినా ముందు ఫోన్ వచ్చేది మీకే.